మంగళవారం వద్దన్న మనిషి

ఆఫీసు బ్యాడ్జి మేకుకే వేలాడుతోంది.

నిజాంపేటలో రుక్కమ్మగారి మేడమీద గదిలోకి అడుగు పెట్టగానే ఇశ్రాయేలు కంటపడింది అదే. నీలం తాడు, ప్లాస్టిక్ తొడుగులో చిన్న ఫోటో, కింద కిరణ్మయి అని పేరు. మాదాపూర్ అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళు అన్నం డబ్బా మరిచిపోతారేమో గాని బ్యాడ్జి మరిచిపోరు. అది లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీవాడు తోడబుట్టినవాణ్ణయినా లోపలికి రానివ్వడు.

"నిన్న పొద్దుగాల ఆఫీసుకే పోయిందన్నవు కద బిడ్డా," అన్నాడు.

"అవునండి. నేను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి గదిలో లేదు. ఆఫీసుకే వెళ్ళిందనుకున్నాను."

"బ్యాడ్జి లేకుండనా?"

సెలీనా బ్యాడ్జి వంక చూసి తల దించుకుంది. కిరణ్మయితో కలిసి ఈ గదిలో ఉంటూ, ఆమె పనిచేసే కంపెనీలోనే పనిచేస్తున్న పిల్ల. గుంటూరు పక్క పల్లెలో పాస్టరుగారి కూతురు. ఈ బుధవారం పొద్దున్నే అమీర్‌పేటలో ఇశ్రాయేలు గది తలుపు తట్టి, 'మా ఫ్రెండు కనబడటం లేదండి, పోలీసులకు మాత్రం చెప్పొద్దు' అని నిలబడింది. పోలీసులకు ఎందుకు చెప్పొద్దో అక్కడ చెప్పలేదు. ఇశ్రాయేలు కూడా ఒకప్పుడు పోలీసే. మెదక్ నుంచి వచ్చి ఆ ఉద్యోగంలో చేరి, విసుగొచ్చి వదిలేసి, ఒక టేబులు, ఒక ఫోను పెట్టుకుని తప్పిపోయినవాళ్ళను వెతుకుతున్నాడు. చెప్పని మాట ఎక్కడుంటుందో వెతకడం అతనికి అలవాటే.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక టేబులు. కిరణ్మయి దిండు ఎత్తి వాసన చూశాడు. ఘాటుగా బామ్ వాసన.

"ఈ బామ్ ఎందుకు?"

"సోమవారం నేను షిఫ్ట్‌కి వెళ్ళేముందు కుడి భుజం లాగేస్తోందంటే రాశానండి. పొద్దస్తమానం కీబోర్డు ముందు కూర్చుంటాం కదా. మా ఆఫీసులో అందరికీ ఉండేదే."

ఇశ్రాయేలు ఆ మాట బుర్రలో పెట్టుకుని, టేబులు సొరుగు లాగాడు. ఎర్ర మఖమల్ డబ్బా. తెరిస్తే ఖాళీ. ఎన్నో ఏళ్ళు ఒకే నగ పెట్టి పెట్టి గుడ్డ మీద గుంటలు పడ్డాయి. రెండు గుండ్రటివి, వాటి నడుమ చిన్న శిలువ ఆకారంలో ఇంకొకటి.

"ఇవి పుస్తెల గుంటలు. మనోళ్ళ పుస్తెలు," అన్నాడు. "కిరణ్మయివి కావు, ఆమె హిందువుల పిల్ల. నీవీ కావు, నీకింక పెండ్లి కాలె. ఎవరివి? యాడ ఉన్నయి?"

సెలీనా మంచం మీద కూలబడింది. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మవండి. అమ్మ పోయాక నాన్న నాకిచ్చారు. శనివారం తనకి మెళ్ళో వేసి పంపించాను. తిరిగొచ్చాక తీసి డబ్బాలోనే పెట్టింది. నేను కళ్ళారా చూశాను."

"అంటే నిన్న మళ్ళ ఏస్కొని పోయింది. ఆఫీసుకు పుస్తెలు ఏస్కొని పోరు. శనివారం యాడికి పోయిందో నిన్న అక్కడికే బయలెల్లింది. యాడికి?"

చెప్పలేక చెప్పింది. రెండు నెలలుగా కిరణ్మయికి నెల తప్పింది. మొదట మందుల షాపులో బిళ్ళలు కొనుక్కొచ్చింది సెలీనాయే. ఎవరూ ఎరగని షాపు చూసుకుని, చెల్లెలికని అబద్ధం చెప్పి తెచ్చింది. అవి మింగినా ఏమీ కాలేదు, ఒక వారం మాత్రం గడిచిపోయింది. ఆ తర్వాత కూకట్‌పల్లిలో ఒక లేడీ డాక్టరు ఉందని కనుక్కుంది. అక్కడ భర్త సంతకం అడుగుతారని విన్నారు. పెళ్ళి కాలేదంటే వాళ్ళు చూసే చూపులకే చచ్చిపోతామని పుస్తెలు వేసుకుంది. శిలువ పుస్తెలకు తగ్గట్టు పేరు కూడా ఉండాలి కదా.

"రాహేలు అని చెప్పమన్నానండి. మా అమ్మ పేరు." సెలీనా ఖాళీ డబ్బా మూసేసింది. "ఆవిడ పేరు పెట్టి ఏం చేయించానో చూడండి."

ఇశ్రాయేలు నోటివెంట వెంటనే వచ్చిన ప్రశ్న ఒకటే. "ఎవడు వాడు?"

అడిగాక తనకే సిగ్గేసింది. ఒక పిల్ల నిన్నటి నుంచి లేదు, ఉందో పోయిందో తెలియదు, తను ముందు అడిగింది మగవాడి పేరు. రేపు వీధి వీధంతా అడిగేదీ అదే. డబ్బు పుచ్చుకుని పనిచేసేవాడు వీధికంటే కాస్త నయంగా ఉండాలి.

"తను చెప్పలేదండి. సంతకానికి ఆయనే వస్తారంది గాని, పేరు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారంది. మా టీమ్ లీడరు లోహిత్‌గారు అప్పుడప్పుడు స్కూటరు మీద దింపేవారు. ఆయనేనేమోనని..."

"సంబంధం ఖాయమైందన్నవు కద. పెండ్లికొడుకుకు ఎరుకేనా?"

"శ్యామ్‌గారికా? తెలిస్తే ఇంకేమైనా ఉందాండి. నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు గాని, వాళ్ళది చాలా పద్ధతైన కుటుంబం. అధికమాసమని ఒకసారి, మూఢమని ఒకసారి పెళ్ళి వెనక్కి జరిపారు. ఆయన కంప్యూటర్లకి తారీఖులు సరిచేసే ప్రాజెక్టులో ఉన్నారు. రెండు వేల సంవత్సరం వస్తే అవి ఏ తేదీయో మరిచిపోతాయట."

"ఆ డాక్టర్ తాన అడిగినవా, నిన్న వచ్చిందా అని?"

"నిన్న సాయంత్రం నుంచి రెండుసార్లు ఆ మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశానండి. ఎదురుగా మా చర్చివాళ్ళ షాపుంది. నేను ఆ మెట్లెక్కడం చూస్తే నాకోసమే అనుకుంటారని."

ఇశ్రాయేలుకు కోపం రాలేదు. కోప్పడదామంటే ఆ పిల్ల అప్పటికే తనను తాను సగం చంపుకుని కూర్చుంది.

"లే బిడ్డా. ఇప్పుడు నాతోని ఎక్కు," అన్నాడు.

*

డాక్టర్ పద్మావతి ముఖం మీద చిరునవ్వుంది గాని, ఇశ్రాయేలు పని చెప్పగానే అది మాయమైంది.

"ఇక్కడికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో నేను ఎవరికీ చెప్పనండి. చెప్పకూడదని చట్టమే ఉంది. మీరు దయచేయండి."

"మంచిదే మేడం. నేను పేరు అడుగుతలేను. ఒక్క మాట చెప్పిపోత. శనివారం మీతాన పని చేయించుకున్న ఒక పిల్లకు సోమవారం కుడి భుజం నొచ్చింది. ఈ పిల్ల బామ్ రాసింది. నిన్నటి సంది మనిషి కనబడుతలేదు."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడ ఇశ్రాయేలును వదిలేసి సెలీనా వైపు తిరిగింది.

"భుజమా? కడుపులో నొప్పుందందా?"

"ఒక పక్కన ఉందందండి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది. రక్తం పోయింది కదా అని పాలల్లో బెల్లం కలిపి ఇచ్చాను."

"రక్తం ఎక్కువ పోయిందా?"

"లేదండి. చాలా కొంచెం. అందుకే అంతా మంచిగా అయిపోయిందనుకున్నాం."

పద్మావతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. సెలీనా ఏడుపు గొంతుతో, నేను తెచ్చిన బిళ్ళల వల్లేనా అని అడిగింది.

"కాదమ్మా. ఆ బిళ్ళలు గర్భాన్ని తీయనూ లేవు, దీన్ని తేనూ లేవు. వాటితో పోయింది కాలం ఒక్కటే. కాలం పోవడం కూడా నష్టమే అనుకో. రెండు నెలల్లో అయితే చిన్న గొట్టంతో లాగేస్తాం, కాసేపట్లో అయిపోతుంది. తెలిసినవాళ్ళు శుభ్రంగా చేస్తే కాన్పులో ఉన్నంత ప్రమాదం కూడా ఉండదు. మళ్ళీ పిల్లలు పుట్టరనేది ఊరివాళ్ళ మాట. మూడు నెలలు దాటితే మాత్రం పద్ధతి వేరు. ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే సిగ్గుపడి రోజులు జరపొద్దంటాం." ఆవిడ ఆగింది. "అయినాక కొంచెం నొప్పి, కొంచెం రక్తం మామూలే. చలిజ్వరం, దుర్వాసన, గుడ్డలు గుడ్డలు తడిసిపోవడం మామూలు కాదు. ఈ భుజం నొప్పి అసలే మామూలు కాదు."

"భుజానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు ఇశ్రాయేలు.

"లాగినప్పుడు రావలసినంత రాలేదండి. నేను చూశాను. ఒక్కోసారి గర్భం సంచిలో పడకుండా, సంచి పక్కనుండే సన్నటి గొట్టంలో పడుతుంది. అప్పుడు సంచి ఎంత శుభ్రం చేసినా ఆ గర్భం అక్కడే పెరుగుతుంది. ఒకనాటికి గొట్టం పగిలిపోతుంది. రక్తమంతా కడుపు లోపలే నిండుతుంది, బయటికి కనబడదు. అది పైదాకా వెళ్ళి గుండెల కింది పొరకు తగిలితే భుజం నొస్తుంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కదు."

"మరి శనివారం అనుమానమొస్తే ఎందుకు పంపిండ్రు?"

"స్కానింగ్ మా దగ్గర లేదు. మంగళవారం తీసుకురండి, రాసిస్తానన్నాను. ఈలోపు ఒకపక్క నొప్పి గాని, కళ్ళు తిరగడం గాని, భుజం లాగడం గాని ఉంటే, ఏ వేళయినా సరే పెద్దాసుపత్రికి పరుగెత్తండని మరీ మరీ చెప్పాను."

"ఎవరికి చెప్పిండ్రు?"

"ఆమె భర్తకి."

"ఆ పిల్లకు?"

"ఆమెకి మత్తు దిగలేదండి."

"దిగినంక?"

పద్మావతి గోడ మీద నవ్వుతున్న పసిపాప క్యాలెండరు వైపు చూసింది, అక్కడా చూపు నిలవలేదు.

"మాకు అదే అలవాటైపోయిందండి," అంది చివరికి. "ఆడవాళ్ళు కంగారుపడతారని మగవాళ్ళను పక్కకి పిలిచి చెబుతాం. సంతకం కూడా అంతే. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషైతే ఆమె సంతకం ఒక్కటే చాలు, చట్టం భర్తను అడగలేదు. రేపు ఎవరైనా వచ్చి మెట్ల మీద గొడవ చేస్తారన్న భయంతో మేమే అడుగుతాం."

"మీరు మొగుణ్ణి అడిగిండ్రు, ఆ పిల్ల ఒక మొగుణ్ణి తెచ్చింది. ప్రాణం పోయే మాట మీరు వాని చెవిల వేసిండ్రు. వాడు దాన్ని దాటనియ్యలె. భుజం నొస్తే అది కీబోర్డు వల్లనే అనుకున్నది ఆమె."

ఆ మాటకు పద్మావతి ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఇరవై మంది పేషెంట్లు బయట కూర్చున్న డాక్టరును ఇంతవరకు ఎవరూ ఇలా నిలదీసి ఉండరు.

"వాడెట్లుండె?"

"సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నున్నటి ముఖం. మర్యాదస్తుడే, చెప్పులు మెట్ల కిందే విప్పి వచ్చాడు."

"లోహిత్‌గారు పొట్టిగా ఉంటారు, గడ్డం ఉంటుంది," అంది సెలీనా మెల్లగా. ఇన్నాళ్ళూ ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు తల ఇంకాస్త కిందికి వాలింది.

"ఇంకేమన్న అన్నడా?"

"మంగళవారం తీసుకురమ్మంటే, 'మంగళవారం వద్దండీ, బుధవారం తెస్తాను' అన్నాడు. ఆఫీసులో పనుందేమో అనుకున్నాను."

నిన్న మంగళవారం. నొప్పికి తాళలేక కిరణ్మయి తనంతట తానే పుస్తెలు వేసుకుని బయలుదేరిందన్నమాట. ఇక్కడికి మాత్రం రాలేదు. దారిలో ఎక్కడో ఆగిపోయింది. పద్మావతి తానే ఫోను తీసి తెలిసిన ఆసుపత్రులన్నిటికీ చేసింది. ఎక్కడా రాహేలు లేదు. కిరణ్మయి లేదు.

"ఎక్కడున్నా ఆ సర్జను నంబరు దొరికితే నాకు చెప్పండి," అంది. "నేనేం చేశానో దాచకుండా నేనే చెబుతాను."

*

మెట్లు దిగుతుంటే కింద గోడకు చేరగిలబడి భీమేశ్వరరావు ఉన్నాడు.

అతణ్ణి చూడగానే ఇశ్రాయేలుకు ఒళ్ళు మండింది. పంజాగుట్టలో ఆఫీసు, బయట పెద్ద బోర్డు. సంబంధం కుదిరాక పెళ్ళికొడుకు జీతం నిజమా, పెళ్ళికూతురి నడత సరైనదేనా అని విచారించి కవరులో పెట్టి ఇవ్వడం అతని వ్యాపారం. ఇశ్రాయేలు వెతికి తెచ్చిన ఇద్దరు ఆడపిల్లల సంబంధాలు అతని కవర్లతోనే చెడిపోయాయి. ఎప్పుడు చూసినా మోచేతుల పైకి మడిచిన తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి.

"ఏవయ్యా ఇశ్రాయేలూ, తప్పిపోయిన గేదెలన్నీ దొరికేశాయా? ఆడ డాక్టర్ల మీద పడ్డావు."

"మీరు ఎవలి పిల్ల కొంప ముంచనీకి వచ్చిండ్రు రావుగారూ?"

"మేం కొంపలు ముంచం. మునిగిన కొంపలు చూపిస్తాం, అంతే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కినవాళ్ళ పాదాలు ఫోటో తీస్తే తప్పు నాదా?"

సెలీనా ఇశ్రాయేలు వెనక్కి తప్పుకుంది. భీమేశ్వరరావు ఆ పిల్లను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి చూపు తిప్పుకున్నాడు. మామూలుగా అయితే ఎగాదిగా చూసి నాలుగు ప్రశ్నలు వేసే మనిషి అతను.

"కిరణ్మయి వెనక తిరుగుతున్నది మీరేనా?"

"నా క్లయింటు సంగతి నీకెందుకు?"

"నిన్న పొద్దుగాల ఆమె వెనక ఉన్నరా లేదా, అది చెప్పండి."

భీమేశ్వరరావు కుడిచెయ్యి దానంతట అదే ఎడమ మోచేతి మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. ఇశ్రాయేలు అప్పుడు చూశాడు. ఈ రోజు చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకున్నాడు. వాన కురవక, గాలి వీచక, జనం ఉక్కతో కారిపోతున్న రోజు అది.

"చేతులు దించుకున్నరేంది రావుగారూ?"

"నా చొక్కా, నా ఇష్టం."

"జర పైకి మడవండి."

"నువ్వెవడివయ్యా నన్ను..."

ఇశ్రాయేలు మాట పూర్తి కానివ్వలేదు. ఆ చెయ్యి పట్టుకుని బొత్తాం తీసి చొక్కా పైకి తోశాడు. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు, చుట్టూ కమిలిన చర్మం.

"సర్కారు దవాఖానల రక్తం ఎక్కియ్యాలంటే రక్తమిచ్చే మనిషిని తెమ్మంటరు," అన్నాడు ఇశ్రాయేలు. అతని గొంతు తగ్గిపోయింది. "ఎవరికిచ్చిండ్రు?"

భీమేశ్వరరావు చెయ్యి లాక్కోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు, నిన్నటి నుంచి ఎవరికీ చెప్పుకోలేక లోపలే ఓర్చుకున్నదంతా ముఖంలోకి వచ్చేసింది.

"బతికే ఉంది," అన్నాడు.

సెలీనా ఇశ్రాయేలు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బస్టాపులో పడిపోయింది. నేను రోడ్డుకి ఇవతల ఉన్నాను. మొదట కదల్లేదయ్యా. మా పనిలో ఎదురుపడకూడదు, పడితే కేసు పోయినట్టే. ఎవరో ఒకరు లేపుతారులే అనుకున్నాను. ఒక్కరూ లేపలేదు. తాగి పడిందని ఒకడు నవ్వాడు."

"ఎంతసేపు చూసిండ్రు?"

"అది మాత్రం అడక్కు."

ఇశ్రాయేలు అడగలేదు.

"ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకి తీసుకెళ్ళాను. నువ్వేమవుతావన్నారు. దారినపోయేవాణ్ణంటే పోలీసు కేసంటారని, నాన్ననన్నాను. పేరేంటన్నారు. నోటికి మా అమ్మాయి పేరే వచ్చింది, ఉమాశ్రీ అని. రాత్రికి ఆపరేషన్ చేశారు. ఇంతకుముందు ఎవరేం చేశారో కనుక్కురమ్మన్నాడు డాక్టరు. ఆ పిల్ల సంచిలో మందుల కవరు మీద ఈ క్లినిక్ పేరుంటే వచ్చాను. వచ్చి, పైకి ఎక్కలేక కూర్చున్నాను. ఏమని అడగను? నేనెవరినని చెప్పను?"

*

ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. దవాఖాన ఇంకా చాలా దూరం ఉండగా భీమేశ్వరరావు మళ్ళీ నోరు విప్పాడు.

"ఇంకో తప్పు చేశాను ఇశ్రాయేలూ. నిన్న ఆపరేషన్‌కి ముందు నా క్లయింటుకి ఫోన్ చేశాను. అలవాటు కొద్దీ చేశాను. అమ్మాయి ఫలానా దవాఖానలో, ఫలానా పేరుతో ఉంది, కడుపు తీయించుకుందట, రిపోర్టు ఇప్పుడే తెమ్మంటారా అని. రక్తం ఇచ్చింది ఆ తర్వాత."

"ఏమన్నడు?"

"ఏమంటాడు. 'ఇవాళ మంగళవారం కదండీ, అలాంటివి ఇవాళ పుచ్చుకోను, రేపు పెద్దవాళ్ళతో నేనే వస్తాను' అన్నాడు. కాకినాడ నుంచి అమ్మాయి తండ్రి యజ్ఞనారాయణగారిని రాత్రి బండికే పిలిపిస్తానన్నాడు. తనొక్కడూ మంగళవారం కదలడు గాని ఊరివాళ్ళందరినీ కదిలిస్తాడు. పెళ్ళి మానుకోవడానికి ఒక కారణం కావాలి ఆ పెళ్ళికొడుక్కి."

సెలీనా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇశ్రాయేలు ముందున్న రోడ్డు చూస్తూనే అడిగాడు.

"శనివారం మీరు ఆమె వెనక లేరా?"

"లేను. ఆ ఒక్కరోజూ వద్దన్నాడు. అమ్మాయి ఊరెళుతోంది, నీ శ్రమ దండగ అన్నాడు."

ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లకు తారీఖులు నేర్పే కుర్రాడు మంగళవారం గడప దాటడు. దాటనివ్వడు కూడా. ఆ ఒక్క రోజు వల్ల ఒక పిల్ల బస్టాపు సిమెంటు మీద పడిపోయింది. లెక్క తేలిపోయింది గాని, దాన్ని తేల్చానన్న సంతోషం ఇశ్రాయేలుకు ఏ మూలా కలగలేదు. కంచే చేను మేసిన సంగతి కంచెకు ఎప్పుడో తెలుసు. తెలియాల్సింది చేనుకే, ఎలా చెప్పాలి?

"జర జల్దీ పోనియ్ భాయ్," అన్నాడు ఆటోవాడితో.

*

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. కిరణ్మయి ముఖం గోడ సున్నంలా ఉంది. పగిలిన గొట్టం తీసేశామని, రెండోది బాగానే ఉందని, ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ లేకపోయేదని నర్సు చెప్పింది. పద్మావతిగారి ఫోను నంబరు రాసిన చీటీ సర్జనుకు ఇమ్మని ఇశ్రాయేలు ఆమె చేతికిచ్చాడు.

సెలీనా వంగి నుదుటి మీద చెయ్యి వేసింది. కిరణ్మయి కళ్ళు తెరిచింది.

"అమ్మ పుస్తెలు," అంది వెంటనే. "నర్సు తీసేసింది. గుడ్డలో కట్టి తలకింద పెట్టింది. వాటికి కూడా రక్తం అంటిందే. కడిగేస్తాను. ఏమీ అనుకోకు."

"పిచ్చిదానా, ఊరుకో."

"నీకు ఎంత తలవంపులు తెచ్చానో. వీళ్ళెవరు?"

"నిన్ను వెతకడానికి వచ్చారు. ఈయన... ఈయన నిన్ను ఇక్కడికి తీసుకొచ్చారు."

భీమేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ పిల్ల అతనికి చేతులు జోడించబోతే సెలైన్ గొట్టం అడ్డొచ్చింది. చేతులు లేవలేదు. అతను తోలు సంచిని వెనక్కి దాచుకున్నాడు. లోపల ఆమె ఫోటోలున్నాయి. లోహిత్ స్కూటరు వెనక, గుడి మెట్ల మీద, మందుల షాపు ముందు.

"పుణ్యముంటుందండి మీకు," అంది.

"అలా అనకమ్మా," అన్నాడు భీమేశ్వరరావు.

ఇశ్రాయేలు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. ఒట్టు వేయించుకున్నవాడి పేరు చెప్పమని ఈ స్థితిలో అడగడం కంటే ఏమీ తెలియనట్టు ఉండటమే మేలనిపించింది. అయితే అతను అడగనక్కరలేకపోయింది. కిరణ్మయి కిటికీలోంచి వస్తున్న ఎండను చూసి, ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పింది.

"ఇవాళ ఏం వారమండీ?"

"బుధవారం బిడ్డా."

"అయితే వస్తారు," అంది. గొంతులో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. "నిన్నటి రోజు మంచిది కాదు, బుధవారం తనే డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నారు. నేనే ఆగలేక ముందు బయలుదేరాను. గదికి వెళ్ళి నేను లేనని కంగారుపడుతుంటారు. సెలీనా, ఆయనకి ఒక్క ఫోన్ చేయవే. ఇంట్లో ఎవరికీ తెలియకుండా చెయ్యి. పెళ్ళికి ముందే ఇలా అని తెలిస్తే వాళ్ళమ్మగారు తట్టుకోలేరట."

సెలీనా నోరు తెరిచింది. "శ్యామ్‌గారా?" అన్న మాట బయటికి వచ్చీరానట్టు వచ్చింది.

భీమేశ్వరరావు చేతిలోంచి తోలు సంచి జారి నేల మీద పడింది. అతను దాన్ని తీసుకోలేదు. ఇశ్రాయేలు వంక చూశాడు. శనివారం ఎందుకు వద్దన్నాడో, మంగళవారం ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు అతనికీ అర్థమైంది. పది రోజులు తను ఎవరి కోసం ఎవరి వెనక తిరిగాడో కూడా అర్థమైంది.

అప్పుడే వార్డు గుమ్మం దగ్గర మాటలు వినిపించాయి. చెప్పులు బయట విప్పుతున్న చప్పుడు, నర్సు అడ్డుపడి అడగడం.

"ఉమాశ్రీ పేరుతో ఉన్న పేషెంటా? ఆ చివర మంచం. మీరేమవుతారు ఆమెకి?"

"మేమేం కామండీ," అంది ఒక మగ గొంతు, చాలా మర్యాదగా. "ఒకసారి చూసి వెళ్ళడానికి వచ్చాం."

దాని వెనక ఇంకో గొంతు, పెద్దాయనది, రాత్రంతా రైల్లో నిద్ర లేనిది. "మా కిరణ్ ఇక్కడెందుకుంటుంది బాబూ? మీరేదో పొరబడ్డారు."

తండ్రి మాట కిరణ్మయికి వినబడలేదు. మొదటి గొంతు ఒక్కటే వినబడింది. చెయ్యెత్తి జుట్టు సర్దుకోబోయింది, చాతకాక దుప్పటి మెడదాకా లాక్కుంది.

"చెప్పానా, వచ్చేశారు," అంది నవ్వుతూ.

మంచం చుట్టూ నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరూ ఆ నవ్వు వంక చూడలేకపోయారు.